క్షతగాత్రులకు గడువేమిటి?

రోడ్డు ప్రమాదంలో మరణించినవారి లెక్క మర్నాటి పత్రికల్లో వస్తుంది. కాలో చెయ్యో పోగొట్టుకుని బతికి బయటపడినవారి లెక్క ఆసుపత్రి రికార్డుల్లోనే ఉండిపోతుంది. 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్లపై ప్రాణాలు కోల్పోగా 4,43,366 మంది గాయపడ్డారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదికే చెబుతోంది. ఎదుటివారి నిర్లక్ష్యానికి ఒళ్లు హూనం చేసుకున్న ఈ లక్షల మందికి చట్టం ఇచ్చిన పరిహారపు హక్కు చిన్నదేమీ కాదు. ప్రమాదం జరిగిన తొలి వారాల్లోనే ఆ హక్కు వారి చేజారిపోతుండటమే బాధాకరం.

అది చేజారే తీరు మన ఊళ్లలో అందరికీ తెలిసిందే. బైకును ఢీకొట్టిన కారు యజమాని తరఫున నలుగురు పెద్దమనుషులు ఆసుపత్రికి వస్తారు. కేసు పెడితే ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగాలని, ఇచ్చింది పుచ్చుకుని ఊరుకోవడం మేలని నచ్చజెబుతారు. ఆపరేషన్ ఖర్చుకు అప్పటికే అప్పు కోసం తిరుగుతున్న కుటుంబం యాభై వేలకో లక్షకో రాజీ కాగితంపై సంతకం పెట్టేస్తుంది; ఎఫ్‌ఐఆర్ నమోదు కాదు. పాలసీ అమల్లో ఉన్న వాహనానికి ఆ పరిహారం చెల్లించాల్సింది థర్డ్ పార్టీ బీమా (వాహనం వల్ల ఇతరులకు కలిగే నష్టానికి చేయించే బీమా) ఇచ్చిన కంపెనీ. అంటే ఈ రాజీలో బాధితుడు నష్టపోతున్నాడు, జేబులోంచి డబ్బు తీసిన యజమానీ నష్టపోతున్నాడు. ప్రీమియం వసూలు చేసుకున్న కంపెనీ ఒక్కటే లాభపడుతోంది. డ్రైవరు జైలుకు వెళ్తాడన్న భయమే ఇరుపక్షాలనూ ఇటు నెడుతోంది. కానీ క్రిమినల్ కేసు వేరు, పరిహారం వేరు. డ్రైవరు నిర్దోషిగా బయటపడినా పరిహారం ఆగదు. పరిహారం తేల్చే మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌కు సందేహాతీతమైన రుజువు అక్కర్లేదు. డ్రైవరు నిర్లక్ష్యమే కారణమయ్యే అవకాశం ఎక్కువని సాక్ష్యాలను బట్టి తేలితే చాలు.

వదులుకుంటున్నది ఎంతో ఒక్కసారి లెక్క వేసి చూద్దాం. ముప్పై ఏళ్ల తాపీమేస్త్రికి మోకాలు విరిగి బిగుసుకుపోయిందనుకుందాం. ఆయన నెల సంపాదన 15 వేల రూపాయలని ట్రైబ్యునల్ అంగీకరిస్తే ఏడాదికి 1,80,000. భవిష్యత్తులో పెరగబోయే సంపాదన కింద, నలభై ఏళ్ల లోపు స్వయం ఉపాధివారికి సుప్రీంకోర్టు 2017లో ఖరారు చేసిన 40 శాతం కలిపితే 2,52,000. సంపాదించే శక్తి 40 శాతం తగ్గిందని తేలితే ఏటా నష్టం 1,00,800. ఎన్నేళ్ల నష్టం కట్టివ్వాలో చెప్పే గుణకం ఆ వయసుకు 17; దానితో హెచ్చిస్తే 17,13,600 రూపాయలు. వైద్య ఖర్చులు, మంచాన పడిన నెలల కూలి, బాధకు ఇచ్చే మొత్తం ఇందులో కలపలేదు. పెద్దమనుషుల లక్షను ఈ అంకె పక్కన పెట్టి చూడాలి.

ఈ లెక్కలో ప్రాణం వంటిది సంపాదించే శక్తి తగ్గిన ఆ 40 శాతమే. తగాదా అంతా దాని చుట్టూనే నడుస్తుంది. డాక్టరు ఇచ్చే వైకల్య శాతం శరీరానికి సంబంధించినది. సంపాదనకు తగిలే దెబ్బ చేసే పనిని బట్టి మారుతుంది. ఇవి రెండూ ఒకటి కావని సుప్రీంకోర్టు 2010లోనే తేల్చి చెప్పింది. మోకాలు వంగని గుమాస్తా రేపు మళ్లీ కుర్చీలో కూర్చోగలడు, నిచ్చెన ఎక్కలేని మేస్త్రికి మాత్రం పనే లేదు. కాలు పోగొట్టుకున్న ఒక కూరగాయల వ్యాపారి కేసులో 2014లో అదే న్యాయస్థానం, రోడ్డు పక్కన అమ్ముకునేవాడి నుంచి ఆదాయ పత్రాలు ఆశించడం సరికాదని, సంపాదన నష్టాన్ని 85 శాతంగా లెక్కించింది. అయినా సదరం (ప్రభుత్వ వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్‌పై ఉన్న అంకెనే పట్టుకుని వాదించే అలవాటు బీమా కంపెనీలకు పోలేదు. కింది స్థాయిలో కత్తిరించిన మొత్తాన్ని పైకోర్టుల దాకా వెళ్లి తెచ్చుకునే ఓపిక ఎందరికి ఉంటుంది?

ఇంతటి హక్కుకు మోటారు వాహనాల చట్టానికి 2019లో తెచ్చిన సవరణ ఒక గొళ్లెం పెట్టింది. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా దరఖాస్తు చేసుకోవాలన్న నిబంధన 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 1988 చట్టంలో ఉన్న ఇలాంటి గడువును, బాధితులకు అన్యాయం జరుగుతోందని పార్లమెంటే 1994లో తొలగించింది. తీసేసినదాన్ని పాతికేళ్ల తర్వాత మళ్లీ తెచ్చిపెట్టడంలోని ఔచిత్యం మాకు బోధపడటం లేదు. తొడ ఎముకకు రాడ్డు వేసిన మనిషి ఆరు నెలలకు కర్ర పట్టుకుని లేస్తాడు; చికిత్స పూర్తయితే తప్ప శాశ్వత వైకల్యం ఎంతో డాక్టర్లు చెప్పరు. ఈ నిబంధన చెల్లుబాటు సుప్రీంకోర్టు ముందుంది. అది తేలేవరకు గడువు మీరిందన్న కారణంతో పిటిషన్లు కొట్టివేయవద్దని 2025 నవంబరులో ఆ న్యాయస్థానం ఆదేశించడం పెద్ద ఊరట. అయితే మధ్యంతర ఉత్తర్వు శాశ్వత పరిష్కారం కాదు.

అసలు బాధితుడు పరుగెత్తాల్సిన అవసరమే లేకుండా అదే చట్టంలో మరో ఏర్పాటు ఉంది. ప్రమాదంపై పోలీసులు మూడు నెలల్లోగా ట్రైబ్యునల్‌కు పంపే నివేదికనే పరిహార దరఖాస్తుగా స్వీకరించాలి. తొలి నివేదిక 48 గంటల్లో, సమగ్ర నివేదిక 90 రోజుల్లో ఇవ్వాలని 2022 నిబంధనలు చెబుతున్నాయి. ఇందుకోసం పోలీసు స్టేషన్లలో ప్రత్యేక విభాగాలు పెట్టాలని అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఈ పని సవ్యంగా జరిగితే ఆరు నెలల గడువు గురించి ఎవరూ బెంగపడనక్కర్లేదు. వలస కూలీలకు మరో వెసులుబాటు ఉంది. బెంగళూరులోనో ముంబయిలోనో ప్రమాదానికి గురైన శ్రీకాకుళం, పాలమూరు కూలీ తాను నివసించే ప్రాంతంలోని ట్రైబ్యునల్‌లోనే దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ సంగతి చెప్పే నాథుడే లేడు.

నాట్లకూ మిర్చి కోతలకూ ట్రాలీ ఆటోల్లో, ట్రాక్టర్లలో కిక్కిరిసి వెళ్లే మహిళా కూలీల పరిస్థితి వీరందరికన్నా దయనీయం. సరుకు వాహనంలో ప్రయాణికులుగా ఎక్కినవారికి బీమా కంపెనీ బాధ్యత వహించనక్కర్లేదన్నది స్థిరపడిన తీర్పు. ఇక మిగిలేది యజమాని; వాయిదాల మీద బండి కొనుక్కున్న అతడి నుంచి లక్షలు రాబట్టడం కాగితం మీది మాటే. ప్రభుత్వమే నిధి పెట్టి ఆదుకోవాల్సినవారు వీరు. ఢీకొట్టి పారిపోయిన గుర్తుతెలియని వాహనాల విషయంలో తీవ్రంగా గాయపడినవారికి దక్కే 50 వేలు కూడా నేటి ఆసుపత్రి బిల్లుల ముందు ఏ మూలకూ రావు.

ఆరు నెలల నిబంధనను కోర్టు తీర్పు కోసం ఎదురుచూడకుండా పార్లమెంటే ఎత్తివేయాలి. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు ఢిల్లీ వైపు చూడకుండానే చేయగలిగిన పని ఒకటి ఉంది. ఏ జిల్లాలో ఎన్ని గాయాల కేసులు నమోదయ్యాయో, వాటిలో ఎన్నింటి సమగ్ర నివేదికలు 90 రోజుల్లో ట్రైబ్యునల్‌కు చేరాయో, చేరనివాటికి ఏ అధికారి బాధ్యుడో మూడు నెలలకోసారి బహిరంగంగా ప్రకటించాలి.