షామియానా కింద పెద్దనాయన

ఎవరి కింద ఎవరి పేరు రాయాలన్నది కడప జిల్లాలో చిన్న విషయమేమీ కాదు. పెండ్లిపత్రికలో ఎవరి పేరు ముందుండాలి, మొదటి బంతికి ఎవరిని పిలవాలి, కొత్త ట్రాక్టరుకు టెంకాయ ఎవరి చేత కొట్టించాలి అనే సంగతులు తేల్చడానికి పెద్దలు అరుగు మీద అర్ధరాత్రి దాకా కూర్చుంటారు. ఇంతటి బాధ్యతను ఒక్క ట్యాబ్ మీటకు అప్పజెప్పిన సాఫ్ట్‌వేరును, చదువుకున్నవాళ్లమన్న ధీమాతో, మేము మా ఇంటి అమ్మాయి పెండ్లి పనులకు వాడుకున్నాము. అవుట్‌లైనర్లనే ఈ రకం సాఫ్ట్‌వేర్లను నిషేధించాలని నేను కోరడం లేదు. వాటి కీబోర్డు షార్ట్‌కట్లను రాయలసీమ బంధుత్వాలకు తగినట్లు సవరించాలని మాత్రం సంబంధిత ఇంజనీర్లకు సగౌరవంగా విన్నవించుకుంటున్నాను.

అవుట్‌లైనర్ అంటే, ఒక్కొక్క విషయాన్ని ఒక్కొక్క వరుసలో రాసి, ఒకదాని కింద మరొకదాన్ని చేర్చుకుంటూ పోయే జాబితా. ఎంటర్ నొక్కితే కొత్త వరుస పుడుతుంది. ట్యాబ్ నొక్కితే ఆ వరుస కుడివైపుకు జరిగి పైవరుసకు సంతానమవుతుంది. షిఫ్ట్‌తో కలిపి ట్యాబ్ నొక్కితే మళ్లీ ఒక మెట్టు పైకి వస్తుంది. సంతానం అన్నది నా చమత్కారం కాదు, పైవరుసను పేరెంట్ అనీ కిందివరుసను చైల్డ్ అనీ పిలవడం ఈ సాఫ్ట్‌వేర్లలో పరిపాటి. ఆ లెక్కన 76 ఏళ్ల మా పెద్దనాయన ఒక సాయంత్రమంతా షామియానాకు బిడ్డగా ఉన్నారు. కుర్చీలు 200, నిలువు ఫ్యాన్లు 6, ఆ కింద పెద్దనాయన. పక్కన కూర్చొని అద్దాలు సవరించుకుంటూ చదివిన ఆయన, "ఏందప్పా, నన్ను కుర్చీల లెక్కలో రాసినావు?" అని అడిగారు. ట్యాబ్ పొరపాటున తగిలిందని చెప్పాను. ట్యాబ్ అంటే ఎవరని ఆయన అడిగారు.

ఈ పద్ధతిని కనిపెట్టినవారిని తప్పుపట్టలేము. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే అమెరికన్ ఇంజనీరు 90 నిమిషాల ప్రదర్శన ఇచ్చి, మౌస్‌ను నలుగురి ముందు పెట్టిన చేత్తోనే, వరుసలను తరగతులుగా విడదీయడం, మూయడం, తెరవడం కూడా చూపించారు. అందుకు ఆయన ఎంచుకున్న ఉదాహరణ, ఇంటికి పోతూ దారిలో కొనవలసిన సరుకుల జాబితా. అందులో అరటిపండ్లు ఉన్నాయి, క్యారెట్లు ఉన్నాయి, మేనమామలు లేరు. క్యారెట్ల కిందికి జరిపినంత మాత్రాన అరటిపండ్లు అలిగి రాయచోటి బస్సు ఎక్కవు. 1983లో థింక్‌ట్యాంక్ అనే అవుట్‌లైనర్‌ను తెచ్చిన డేవ్ వైనర్‌కు కూడా ఈ చిక్కు తోచి ఉండదు. 2003లో ఆర్గ్ మోడ్ అనే మరో అవుట్‌లైనర్‌ను మొదలుపెట్టిన కార్స్‌టెన్ డొమినిక్ అయితే వృత్తిరీత్యా ఖగోళశాస్త్రజ్ఞుడు. ఎవరి చుట్టూ ఎవరు తిరగాలన్న తగాదా ఆయన శాస్త్రంలో ఎప్పుడో తీరిపోయింది. మా దగ్గర ఇంకా విచారణలోనే ఉంది.

ఇక మడత సంగతి. పిల్లవరుసలన్నింటినీ మడిచి పైవరుస ఒక్కటే కనిపించేలా చేయడాన్ని ఈ సాఫ్ట్‌వేర్ల గొప్పతనంగా చెబుతారు. జాబితా పొడుగైందని మా బావ ఒక మీట నొక్కి పెద్దనాయన శాఖను మడిచాడు. మడత ఉందని తెలిపే గుర్తు ఆవగింజంత ఉంది. ఆ స్థితిలోనే ప్రింటు తీసుకొని, పత్రికలు పంచడానికి ఇద్దరు కుర్రవాళ్లు స్కూటర్ల మీద ప్రొద్దుటూరుకు, జమ్మలమడుగుకు బయలుదేరారు. కాగితం మీద పెద్దనాయన పేరుంది. ఆయన నలుగురు కొడుకులూ ఇద్దరు అల్లుళ్లూ మడతలో ఉన్నారు. వేరుపడి వేరే పొయ్యి పెట్టుకున్న ప్రతి ఇంటికీ వేరే పత్రిక, పసుపుకుంకుమలతో సహా, వెళ్లి తీరాలన్నది మా వైపు ఆచారం. కనిపించనివాళ్లు లేనట్లేనని కంప్యూటరు అనుకోవచ్చుగానీ, ఆ ఆరు ఇళ్లవాళ్లు అలా అనుకోలేదు.

ఒక వరుసకు ఒకే పేరెంట్ ఉండాలన్న నియమం దీనికంటే కఠినమైనది. మా చిన్నమేనమామ మా అక్కనే చేసుకున్నారు. కాబట్టి ఆయన నాకు మామ, బావ కూడా. అమ్మ పుట్టింటివారి కింద ఆయన ఉండాలి, అక్క అత్తింటివారి కింద కూడా ఆయనే ఉండాలి, రెండు హోదాలకూ మర్యాదలు వేరువేరు. ఇందుకు ఒకే వరుసను రెండుచోట్ల చూపించే అద్దంలాంటి సౌకర్యం ఉందని తెలిసి ఎంతో సంతోషించాము. ఒకచోట పత్రికలు పంచే పని, మరొకచోట బట్టలు పెట్టే పని. పత్రిక ఇచ్చి రాగానే మొదటిచోట ఆయన పేరు కొట్టేస్తే, రెండోచోట కూడా దానంతటదే కొట్టివేత పడింది. బట్టలు అందినట్లు లెక్క తేలింది. మామగా ఆయన క్షమించారు. బావగా ఇంకా ఆలోచిస్తున్నారు.

అన్నింటికంటే ఎక్కువ నష్టం చేసింది బ్యాక్‌స్పేస్. తెలుగు అక్షరం మన కంటికి ఒకటే అయినా కంప్యూటరుకు ముక్కలు. మీట నొక్కినప్పుడల్లా ఒక ముక్క ఊడుతుంది. వంటమాస్టరు పేరు కింద కూరగాయలు తరిగేవాళ్లను రాసుకున్నాము. అందులో ఒకామె రాలేనని కబురు పెట్టగా, ఆమె పేరును చెరపడానికి కూర్చున్నాను. లక్ష్మమ్మ అన్న పేరులో తొమ్మిది ముక్కలున్నాయి. మొదటి నొక్కుకు లక్ష్మమ్, రెండోదానికి లక్ష్మమ, మూడోదానికి లక్ష్మ, నాలుగోదానికి లక్ష్, అయిదోదానికి లక్ష. సరిగ్గా అక్కడ ఫోను మోగింది, లేచి వెళ్లాను. ఈలోగా, జాబితా మడిచిన ఆ బావ తన అలవాటు ప్రకారం ప్రింటు తీసి వంటమాస్టరుకు ఇచ్చాడు. తన పేరు కింద స్పష్టంగా లక్ష అని చూసిన ఆయన అది బయానా అనుకొని, మరుసటిరోజు ఎంతో వినయంగా వచ్చి నిలబడ్డారు. బయానా అయిదువేలని చెప్పడానికి మాకు రెండు గంటలు పట్టింది. ఆయన ఆ కాగితాన్ని ఇప్పటికీ జేబులోనే పెట్టుకున్నారు.

దీనికంతటికీ, చేసిన పనిని వెనక్కి తిప్పే కంట్రోల్ జెడ్ ఉంది కదా అనేవారుంటారు. ఉంది, నొక్కాను కూడా. స్కూటర్లు ప్రొద్దుటూరు దాటిన తర్వాత నొక్కితే, మడత విప్పుకొని వరుసలు తెర మీదికి తిరిగి వచ్చాయి, స్కూటర్లు రాలేదు. మా జిల్లాలోనే, ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో, రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం దొరికింది. సుమారు క్రీ.శ. 575 నాటిది. పూర్తిగా తెలుగులో దొరికిన శాసనాలలో అదే మొదటిదంటారు. ఆ రాతిని చెక్కినవాడికి కంట్రోల్ జెడ్ లేదు గనుక, ఎవరి పేరు ఎక్కడుండాలో ఉలి పెట్టకముందే నలుగురిని అడిగి ఉంటాడని నా నమ్మకం. మేము ఎవరినీ అడగలేదు. ట్యాబ్ నొక్కాము.

కాబట్టి నా విన్నపాలు ఇవి. ట్యాబ్ నొక్కగానే వరుసను కిందికి జరపకుండా, సదరు వ్యక్తికి సమ్మతమేనా అని సాఫ్ట్‌వేరు ముందుగా అడగాలి. మడిచిన వరుస మీద, లోపల ఎన్ని ఇళ్లున్నాయో ఎర్ర అంకెలలో వేయాలి. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో షిఫ్ట్‌తో ఎఫ్ 3 నొక్కితే ఇంగ్లీషు చిన్నక్షరాలు పెద్దక్షరాలవుతాయి. తెలుగులో పెద్దక్షరాలు లేవు, మన పెద్దరికమంతా గారులో ఉంది గనుక, ఆ రెండు మీటలకూ మేము ఎంచుకున్న పేర్లన్నింటికీ గారు తగిలించే పని అప్పగిస్తే అవి మా దగ్గర ఖాళీగా ఉండవు. బ్యాక్‌స్పేస్ విషయంలో నేను చెప్పగలిగింది వంటమాస్టరు ముందే చెప్పారు.

ఈ విన్నపాలను టైపు చేస్తూండగా పెద్దనాయన వచ్చి పక్కన కుర్చీ లాక్కున్నారు. ఆల్ట్, షిఫ్ట్ పట్టుకొని పైబాణం నొక్కితే వరుస తన పిల్లవరుసలతో సహా పైకి జరుగుతుందని ఆయనకు చూపించాను. ఏదో ఒకటి నేర్పి ప్రసన్నం చేసుకుందామన్నదే నా ఉద్దేశం. ఆయన నా చేతిని పక్కకు తీసి, మీటలు తానే పట్టుకున్నారు. షామియానా దాటారు, మేళం దాటారు, వియ్యంకులవారిని దాటారు. నలుగురు కొడుకులూ ఇద్దరు అల్లుళ్లూ ఆయన వెంటే కదిలారు. జాబితా మొదట్లో వినాయకపూజ అని రాసిన వరుస దగ్గర ఒక్కక్షణం ఆగి నావైపు చూశారు. నేను ఏమీ అనలేదు. ఇంకొకసారి నొక్కారు.