1 యోహాను 5:7 గారికి, మీ పాత కాగితాల విషయమై

అయ్యా,

మీరు బైబిల్లో మొదట్నుంచీ ఉన్న వచనమా, తర్వాత ఎవరో చేర్చిందా అన్నది పాత గొడవే. అయినా కింగ్ జేమ్స్ అనే పాత ఇంగ్లీషు బైబిల్ ప్రింట్ అవుతున్నన్నాళ్ళు మీకు ఢోకా లేదులెండి. పరలోకంలో సాక్ష్యమిచ్చేవాళ్ళు తండ్రి, వాక్యం (అంటే కుమారుడు), పరిశుద్ధాత్మ, ఈ ముగ్గురూ ఒక్కటే అని త్రిత్వం మొత్తాన్ని ఒక్క ముక్కలో తేల్చేశారు, బానే ఉంది. మరి ఇంత పనికొచ్చే మాట ఉండగా 325లో నైసియా సభలో అంతమంది బిషప్పులు, కుమారుడు తండ్రితో సమానం కాదన్న అరియస్‌తో అంతలా ఎందుకు కొట్టుకున్నట్టు? అరియస్‌కి ఎదురు నిలిచిన అథనాసియస్ పాపం ఇదే గొడవలో ఐదుసార్లు ప్రవాసం పోయాడు, అయినా మీ పేరు ఒక్కసారి ఎత్తలేదు. అప్పుడు లీవులో ఉన్నారా సార్?

మీ జాడ స్పష్టంగా మొదట దొరికేది గ్రీకులో కూడా కాదు, లాటిన్‌లో, 4వ శతాబ్దం చివర్లో స్పెయిన్‌కి చెందిన ప్రిసిలియన్ అనే బిషప్పు వర్గం రాతల్లో. ఆయన్నేమో దుర్బోధకుడన్నారు, చివరికి మరణశిక్షే వేశారు. సిద్ధాంతానికి కాపలా మీరు, మీకు మొదటి సాక్షి ఈయన, భలే కుదిరింది.

అసలు సీన్ ఎరాస్మస్ అనే డచ్ పండితుడి దగ్గర. 1516లో ఆయన బాసెల్‌లో గ్రీకు కొత్త నిబంధన అచ్చేయించాడు, మీరు లేరు. 1519లోనూ లేరు. ఇంగ్లాండ్‌లో ఎడ్వర్డ్ లీ, స్పెయిన్‌లో స్టునికా అనే పండితులది ఒకటే గోల, త్రిత్వాన్ని పీకేశాడని. నాకు దొరికిన గ్రీకు ప్రతుల్లో లేదయ్యా నేనేం చేసేది అన్నాడాయన. అంతే, రేషన్ కార్డులో పేరు లేదంటే సాయంత్రానికి సిరా ఆరని సర్టిఫికెట్ పట్టుకొచ్చినట్టు ఇంగ్లాండ్ నుంచి ఒక గ్రీకు ప్రతి ఊడిపడింది, అందులో మీరు దర్జాగా కూర్చునున్నారు! అది ఇప్పుడు డబ్లిన్‌లో ట్రినిటీ కాలేజీలో ఉంది (ట్రినిటీ అంటే త్రిత్వమే, కాలేజీ పేరు నేను పెట్టింది కాదు). ఎరాస్మస్‌కి డౌటొచ్చింది, డౌటు నోట్స్‌లో రాసుకున్నాడు కూడా, అయినా ఈ నిందలు పడలేక 1522లో మిమ్మల్ని ఎక్కించేశాడు.

తర్వాత న్యూటన్, అవును ఆ న్యూటనే, మీ గుట్టంతా 1690లో తత్వవేత్త జాన్ లాక్‌కి ఉత్తరంగా రాసి, మళ్ళీ భయపడి దాచుకున్నాడు, ఆయన పోయాక 1754లో గానీ అచ్చు కాలేదు. 1897లో రోమ్‌లోని కేథలిక్ పీఠం ఏమో మీ జోలికి రావద్దంది, 1927కి సరే చర్చించుకోండి అని మెత్తబడింది.

నాకు మీ మీద పగేం లేదు. నా బాధల్లా మీ లాయర్లతోనే. మీరు లేకుండానే నైసియా వాళ్ళు ఆ సిద్ధాంతం నిలబెట్టుకున్నారు కదా, మరి వీళ్ళు మీరు పోతే అంతా కూలిపోద్దన్నట్టు ఎందుకు వణుకుతారు? కొత్త బైబిళ్ళలో 7 నంబర్ ఖాళీగా ఉండకూడదని పక్క వచనాన్ని విరిచి అందులో పెడితే, వచనం తీసేశారు తీసేశారు అని అరుపులు. తీసేసింది ఎవరో అందరూ చూశారు, ఎక్కించింది ఎవరో మీ ఒక్కరికే తెలుసు, కాస్త పేరు చెప్పి పుణ్యం కట్టుకోండి.

ఇట్లు,
ఫుట్‌నోట్లు కూడా చదివే ఒక పాఠకుడు