మూల మీది హోటల్ ఏదీ?

చిక్కడపల్లిలో మెట్రో దిగాను. ఈ దారిలో రైలు 2020 ఫిబ్రవరి నుంచే నడుస్తోంది, నేనే ఇటు వచ్చి పన్నెండేళ్లయింది. త్యాగరాయ గానసభ ఉంది. గ్రంథాలయం ఉంది. మూల మీది ఇరానీ హోటలే లేదు!

దాని స్థానంలో ఏముంది? సెల్‌ఫోన్ల దుకాణం. పక్కన ఒకటి, ఎదురుగా ఒకటి ఉండనే ఉన్నాయి. ఈ మూడోది ఎవరి కోసమండీ? మెట్ల దగ్గర నిమిషం నిలబడ్డానో లేదో, కాపలా మనిషి ఈల ఊదాడు. "కొనేవాళ్లకే సార్, జరగండి." ఎవరిని జరగమంటున్నాడు? పదేళ్లపాటు ప్రతి ఆదివారం ఆ మెట్లెక్కినవాడిని!

వాస్తు కుదరదని మిగతా వ్యాపారులు వదిలేసిన మూల స్థలాల్లో ఇరానీలు హోటళ్లు పెట్టుకున్నారని చెబుతారు. ఇప్పుడు అదే మూల కోట్లు పలుకుతోంది. వాస్తు ఎప్పుడు కుదిరిందో!

చలువరాతి బల్ల అంచున ఒకచోట పెచ్చు ఊడి ఉండేది. చాయ్ వచ్చేదాకా అందులో వేలు పెట్టి తిప్పుతూ కూర్చునేవాణ్ణి. నాన్న సాసర్‌లో ఒంపి, ఊది, ముందు నాకే ఇచ్చేవారు. ముంచిన ఉస్మానియా బిస్కెట్ సగం విరిగి అడుగుకు చేరేది. దాన్ని చెంచాతో తీసుకు తినడమే అసలు పండగ.

రెండు వీధుల అవతల కొత్త కేఫ్ కనిపించింది. పేరులో ఇరానీ ఉంది. కాగితం కప్పులో రెండు గుక్కల చాయ్, కూర్చోవడానికి ఒక్క కుర్చీ లేదు. గోడ మీద మాత్రం పాత ఇరానీ హోటల్ ఫొటో, నిలువెత్తున! చలువరాతి బల్లలు, వంపు తిరిగిన చెక్క కుర్చీలు, అన్నీ అందులోనే ఉన్నాయి. వెళ్లి ఆ ఫొటోలో కూర్చోమంటారా?