ముందు డ్రైవ్‌లు, తర్వాతే ప్రాసెసర్
ఇంటి స్టోరేజ్ సర్వర్‌కి బడ్జెట్‌లో సగం ప్రాసెసర్‌కే పెట్టమని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. ఫైళ్లు దాచుకుని టీవీలో సినిమాలు చూసుకోడానికి ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ చాలు, టీడీపీ (అది విడుదల చేసే వేడికి కొలత) 6 వాట్లే, పైగా అందులోని క్విక్ సింక్ అనే వీడియో భాగం జెల్లీఫిన్‌లో (ఇంట్లోని సినిమాలని టీవీకి పంపే సాఫ్ట్‌వేర్) 4కే వీడియోని కూడా తేలిగ్గా ట్రాన్స్‌కోడ్ చేస్తుంది, అంటే టీవీకి సరిపడే రూపంలోకి మారుస్తుంది. మిగిలిన డబ్బు డ్రైవ్‌ల మీద పెట్టండి. కొనే హార్డ్ డ్రైవ్ సీఎంఆరో (డేటా రాసే ట్రాక్‌లు విడివిడిగా ఉండే రకం) ఎస్ఎంఆరో మోడల్ నంబర్‌తో స్పెక్ షీట్‌లో చూడాల్సిందే, ఎందుకంటే ఎస్ఎంఆర్‌లో ట్రాక్‌లు ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, ఒకటి తిరగరాయాలంటే పక్కవీ రాయాలి, జెడ్ఎఫ్ఎస్‌లో (చాలా డ్రైవ్‌లని కలిపి వాడే ఫైల్ సిస్టమ్) పాడైన డ్రైవ్ తీసి కొత్తది పెడితే రీసిల్వర్, అంటే మిగతా డ్రైవ్‌ల సాయంతో కొత్తదానిలోకి డేటా తిరిగి నింపడం, రోజుల తరబడి సాగొచ్చు. 2020లో వెస్టర్న్ డిజిటల్ కొన్ని రెడ్ డ్రైవ్‌లని ఎస్ఎంఆర్ అని చెప్పకుండా అమ్మిందని అంత గొడవ జరిగింది ఇందుకే. అన్నట్టు, రెయిడ్ (ఒక డ్రైవ్ పాడైనా డేటా పోకుండా చాలా డ్రైవ్‌లని కలిపే పద్ధతి) ఉంది కదా అని బ్యాకప్ మానకండి, పొరపాటున డిలీట్ చేసిన పెళ్లి ఫొటోలు అన్ని డ్రైవ్‌ల్లోనూ ఒకేసారి పోతాయి.