అమ్మకూడని వస్తువు

పాకే పాపాయికి వేసే ఒక డ్రెస్సు ఉంది. చేతుల కింద, కాళ్ల కింద నేల తుడిచే కుచ్చులు కుట్టి ఉంటాయి. పాప పాకినంత మేరా ఇల్లు తుడుచుకుపోతుంది. ఇంకొకటి, ఫ్యాన్ బిగించిన చాప్‌స్టిక్స్. నూడుల్స్ నోటిదాకా వచ్చేలోపు చల్లారతాయి. మరొకటి, నెత్తిన పెట్టుకునే టాయిలెట్ పేపర్ చుట్ట. జలుబు చేసినవాళ్లు ముఖం ముందుకు లాగి ముక్కు తుడుచుకోవచ్చు.

వీటిని జపాన్‌లో చిందోగు అంటారు. 'చిన్' అంటే వింతైన, 'దోగు' అంటే పనిముట్టు. 1980లలో ఈ పేరు పెట్టింది కెంజి కవకామి. ఆయన అప్పుడు ఇంటికే సరుకులు పంపే ఒక పత్రికకు ఎడిటర్. ఆ కేటలాగులో ఖాళీ మిగిలిన పేజీల్లో, ఎవరూ ఆర్డర్ చేయలేని వస్తువుల బొమ్మలు వేయడం మొదలుపెట్టారు. నాకు ఇక్కడే ఆయన మీద గౌరవం కలుగుతుంది. వస్తువుల మోజు మీద బయట నిలబడి ఉపన్యాసం ఇవ్వలేదు. ఆ మోజును తయారుచేసే కాగితం మీదే దాన్ని నిలదీశారు.

చిందోగుకు పది నియమాలున్నాయి. నిత్యం వాడుకునేలా ఉండకూడదు. అయినా ఊహగా మిగలకుండా నిజంగా తయారుచేసి చూపించాలి. నవ్వించడం ఒక్కటే లక్ష్యం కాకూడదు. పేటెంట్ తీసుకోకూడదు. అమ్మకూడదు.

మొదటి నియమాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పూర్తిగా పనికిరానిది చిందోగు కాదు. అది ఒక ఇబ్బందిని నిజంగానే తీరుస్తుంది, కానీ దానికంటే పెద్ద ఇబ్బంది తెచ్చిపెడుతుంది. చాలాసార్లు ఆ కొత్త ఇబ్బంది పేరు సిగ్గు. నెత్తిన పేపర్ చుట్టతో బజారుకు వెళ్లగలమా? ముక్కు కారడం అంత పెద్ద సమస్యా, దానికో పరికరం కావాలా అని అప్పుడు ఆలోచిస్తాం. వ్యాపార ప్రకటన మనల్ని ఆ ప్రశ్న దగ్గర ఆగనివ్వదు. మా ఇంట్లో టీవీలో చూసి తెప్పించిన రోటీ మేకర్, కూరగాయలు తరిగే డబ్బా రెండూ అటకెక్కాయి. కత్తిపీట మాత్రం వంటగదిలోనే ఉంది. తరిగే డబ్బా కొన్న రోజు మేమూ ఆ ప్రశ్న వేసుకోలేదు.

మనిషి చేతులతో చేసిన సరుకు మనిషికే దేవుడై కూర్చుంటుందని మార్క్స్ 1867లో రాశాడు. ఆ పూజను ప్రశ్నిస్తున్నామని చెప్పుకునే డిజైన్ ఇప్పుడు చాలా వస్తోంది. అందులో ఎక్కువ భాగం గుడిలో ఇంకో విగ్రహం పెట్టడమేనని నా అభిప్రాయం.

ఫ్రెంచ్ డిజైనర్ ఫిలిప్ స్టార్క్ 1990లో ఇటలీకి చెందిన అలెస్సీ కంపెనీకి చేసిన నిమ్మరసం పిండే పరికరాన్ని చూడండి. మూడు పొడుగాటి కాళ్ల మీద నిలబడ్డ అల్యూమినియం సాలీడులా ఉంటుంది. గింజలు ఆపే జల్లెడ లేదు, రసంతోపాటే గ్లాసులో పడతాయి. తర్వాత బంగారు పూతతో ఒక ప్రత్యేక ఎడిషన్ తెచ్చారు. నిమ్మరసం తగిలితే ఆ పూత పాడవుతుంది కాబట్టి దాంతో రసం పిండవద్దని కంపెనీయే చెప్పింది. దీన్ని కొందరు ఉపయోగం మీద వ్యంగ్యంగా మెచ్చుకుంటారు. నేను ఒప్పుకోను. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. పనిచేయకపోవడమే ఇక్కడ హోదా అయింది, దానికి ధర కూడా పడింది.

2023లో అమెరికాకు చెందిన ఎమ్‌ఎస్‌సీహెచ్‌ఎఫ్ అనే కళాకారుల బృందం ఉప్పు రవ్వ కంటే చిన్న హ్యాండ్‌బ్యాగు చేసింది. వెడల్పు మిల్లీమీటరు కూడా లేదు. కంటికి సరిగా ఆనదు, మైక్రోస్కోపులోంచి చూడాలి. మీద మాత్రం ఖరీదైన బ్యాగుల బ్రాండ్ లూయీ విటాన్ గుర్తు కనిపిస్తుంది. ఆలోచన గొప్పదే. బ్యాగులోంచి బ్యాగు పనంతా తీసేస్తే మిగిలేది బ్రాండ్ పేరేనని ఇంత సూటిగా చెప్పిన వస్తువు నాకు ఇంకొకటి తెలియదు. దాన్ని వేలంలో 63,750 డాలర్లకు అమ్మారు. ఏ మోజును ఎత్తిచూపిందో ఆ మోజే దాన్ని కొనుక్కుంది.

అందుకే 'అమ్మకూడదు' అన్న నియమం మీద నాకు అంత పట్టు. మిగతా తొమ్మిదీ పాటించి ఇది ఒక్కటి వదిలేస్తే మిగిలేది గిఫ్ట్ షాపు సామానే. ప్రతిదాన్నీ సరుకుగా మార్చేయడం తనకు అసహ్యమని కవకామి ఇంటర్వ్యూల్లో చెప్పారు. వందలాది వస్తువులు చేసీ వాటితో వ్యాపారం పెట్టుకోలేదు.

అయితే మార్కెట్‌కు ఓపిక ఎక్కువ. పొడుగాటి కర్ర చివర కెమెరా పెట్టి తన ఫొటో తనే తీసుకునే పరికరానికి జపాన్‌లో 1980లలోనే పేటెంట్ ఉంది, కానీ అప్పట్లో అది జనంలోకి పోలేదు. 1995లో ఇంగ్లిష్‌లో వచ్చిన చిందోగు పుస్తకం దాన్నీ చిందోగుల్లో చేర్చింది. 2014కల్లా అదే సెల్ఫీ స్టిక్‌గా టైమ్ పత్రిక ఆ ఏటి మేటి ఆవిష్కరణల జాబితాకెక్కింది. కర్ర మారలేదు. నడివీధిలో తన ముఖాన్ని తనే ఫొటో తీసుకోవడానికి మనిషి పడే సిగ్గు పోయింది. చిందోగును కాపాడుతున్నది ఆ సిగ్గే అయితే, ఆ కాపలా ఎన్నాళ్లుంటుందో చెప్పలేం.

పాపాయి డ్రెస్సు సంగతీ అంతే. బేబీ మాప్ పేరుతో ఇప్పుడు దాన్ని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. పేటెంట్ వద్దన్న నియమమే వాళ్లకు దారి ఇచ్చింది. కవకామి దాని మీద హక్కు తీసుకోలేదు కాబట్టి ఎవరైనా అమ్ముకోవచ్చు. పేటెంట్ తీసుకుని ఉంటే కొన్నాళ్లైనా ఆపగలిగేవారేమో. కానీ అప్పుడది చిందోగు అయ్యేది కాదు.