బండి కొనుక్కోండి, డోర్ నంబర్ మాత్రం అమ్ముకోకండి

ఇల్లు అమ్మేసి మోటార్‌హోమ్, అంటే లోపలే పడక, వంట, టాయిలెట్ ఉండే బండి, కొనుక్కోవడం, ఇక ఉన్నన్నాళ్ళూ రోడ్డు మీదే బతకడం అనే ముచ్చట గురించి కొత్తగా చెప్పక్కర్లేదు, యూట్యూబ్ తెరిస్తే రోజుకో జంట తాళాలు కొన్నవాళ్ళ చేతిలో పెట్టేసి వ్యాన్ ఎక్కుతూనే ఉంది. అమెరికావాళ్ళో ఆస్ట్రేలియావాళ్ళో చేసినంతకాలం నేనూ చూసి సంతోషపడ్డా. పోయిన ఎండాకాలం తిరుపతి నుంచి మా చిన్నాయన ఫోన్ చేసి "నాయనా, కొర్లగుంట ఇల్లు బేరం పెట్టేసినా, బండికి అడ్వాన్స్ కట్టేద్దామనుకుంటాండా" అన్నప్పుడు మాత్రం కడుపులో ఒక్కసారి కలుక్కుమంది.

ఎందుకు కలుక్కుమందో అప్పుడు ఆయనకి సరిగ్గా చెప్పలేకపోయా, ఇప్పుడు చెప్తా. బండి కొనండి, ఆర్నెల్లు కాదు ఆరేళ్ళు తిరగండి, అరవై దాటాక ఊళ్ళు చూడాలనుకుంటే తప్పేముంది. కానీ ఇల్లు అమ్మొద్దు. తాతలనాటి ఇల్లు అనే సెంటిమెంట్‌తో అనడంలేదు, ఆ స్థలం చిన్నాయనే 1994లో అంకణాల లెక్కన కొనుక్కున్నాడు. మన దేశంలో ఆఫీసులు మనిషిని గుర్తుపట్టేది డోర్ నంబర్‌తో, ఇల్లు అమ్మితే ఆ నంబర్ కూడా కొన్నవాడికి పోతుంది, నా భయం అంతా దాని గురించే.

చిన్నాయన వైపు వాదన తీసిపారేసేది కాదు. ఆయన రిటైర్డ్ లెక్కల మాస్టారు, లెక్క లేకుండా మాట్లాడడు. కొడుకు డల్లాస్‌లో, కూతురు బెంగళూరులో, నలభై అంకణాల్లో పైనా కిందా కలిపి ఆరు గదులు, ఉండేది ఇద్దరు. పిన్నమ్మకి మోకాళ్ళ నొప్పులు, పైఅంతస్తు ఎక్కి చూసి ఆర్నెల్లయింది. "ఈ ఇంటికి మేము వాచ్‌మెన్లమైపోయినాం, ఇంకో పదేళ్ళు కాళ్ళూ చేతులూ ఆడతాయి, ఆ పదేళ్ళూ తాళాలేసుకుంటా తీసుకుంటా గడపాల్నా?" అని అడిగాడు. గడపక్కర్లేదు. పైఅంతస్తూ కింద సగం అద్దెకిచ్చి వీధివైపు గది ఒక్కటి మీ పేరున ఉంచుకోండి, డీజిల్ ఖర్చు ఆ అద్దె చూసుకుంటుంది. యూనివర్సిటీలు, ఆస్పత్రులు, దేవస్థానం ఉద్యోగాలు ఉన్న ఊళ్ళో అద్దెకి మనుషులు దొరకరా?

డబ్బు సంగతి గబగబా చెప్పేస్తా. ఇల్లమ్మిన లాభం మీద పన్ను తప్పాలంటే ఆ లాభంతో రెండేళ్ళలో ఇంకో ఇల్లు కొనాలి, లేదా మూడేళ్ళలో కట్టుకోవాలి, చక్రాలున్నది చట్టం లెక్కలో ఇల్లు కాదు కాబట్టి బండి కొంటే ఆ మినహాయింపు రాదు. ఆ పన్ను తప్పించుకోడానికని ఉన్న ప్రత్యేక బాండ్లలో 50 లక్షల దాకా పెట్టొచ్చు గానీ ఐదేళ్ళు ముట్టుకోడానికి లేదు. ఇక ఇన్సూరెన్స్ వాళ్ళు బండికి విలువ కట్టే పట్టిక చూస్తే ఏడాది దాటాక 20 శాతం, నాలుగేళ్ళు దాటాక 50 శాతం తరుగు. చిన్నాయనకి చెప్పిన కొటేషన్ 34 లక్షలు, అంటే ఐదో ఏట అది 17 లక్షల బండి. పాత టెంపో కొని మనకి తెలిసిన మెకానిక్ దగ్గర మంచం, స్టవ్ పెట్టించుకుందామా అంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డం, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడాగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

అడ్వాన్స్ కట్టేముందు ఒకసారి అద్దెకి తీసుకుని చూద్దాం అని బతిమాలితే ఒప్పుకున్నాడు. మే నెలలో నాలుగు రోజులు, నేనూ వాళ్ళిద్దరూ, తలకోన, అక్కడినుంచి హార్స్‌లీ హిల్స్, తిరుగుదారిలో కాణిపాకం. బండి బాగుంది, అబద్ధం చెప్పను. పొద్దున్నే తలకోన దగ్గర తలుపు తీసుకుని మెట్టు మీద కూర్చుని కాఫీ తాగుతుంటే చిన్నాయన మొహంలో కనబడిన ఆ సంతోషం నేను చిన్నప్పటినుంచి చూళ్ళేదు. కానీ మధ్యాహ్నానికి రేకు కాలిపోతోంది. మన దగ్గర మే అంటే 40 దాటడం మామూలే, బండిలో టన్ను ఏసీ గంటకి ఇంచుమించు ఒక యూనిట్ తాగుతుంది, బ్యాటరీ ఐదు యూనిట్లది, పైన 400 వాట్ల సోలార్ పలకలు ఎంత ఎండ కాసినా రోజుకి రెండు యూనిట్లు దాటవు. లెక్కల మాస్టారు రాత్రి పది గంటలకి కాగితం మీద వేసుకుని, తెల్లవారుజామున మూడుకి ఆగిపోతుందని చెప్పి పడుకున్నాడు. మూడుకి ఆగిపోయింది.

నీళ్ళ ట్యాంకు వంద లీటర్లు. పట్నంలో మనిషికి రోజుకి 135 లీటర్లు ఇవ్వాలని సర్కారు లెక్క, ఇక్కడ ముగ్గురికి కలిపి వంద. పిన్నమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని, పప్పు కడగడానికి చెంబుతో కొలిచి పోసుకుంటూ, ఆ కడిగిన నీళ్ళనే మళ్ళీ గిన్నెలో పట్టి చేతులు కడుక్కుంటూ ఒక మాటంది, "వీధి కొళాయి కాడ బిందెలు మోసుకొచ్చి సంసారం చేసిన దినాల్లో గూడా ఇంత లెక్క పెట్టుకోలా." టాయిలెట్ డబ్బా ఇరవై లీటర్లుంటుందేమో, మూడోరోజు పొద్దునకి నిండింది, దాన్ని ఎక్కడ పారబోయాలో ఎవరికీ తెలీదు. అమెరికాలో దీనికోసమే డంప్ స్టేషన్లుంటాయి, మురికినీళ్ళ ట్యాంకు పైపు పెట్టి ఖాళీ చేసుకుని వెళ్ళిపోతారు. మేం మూడు పెట్రోల్ బంకులు తిరిగి, చివరికి ఒక సత్రం మేనేజర్ని బతిమాలి అక్కడి మరుగుదొడ్లో పోసి, మేమే శుభ్రంగా కడిగొచ్చాం.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు, మనిషి అలవాటు పడతాడు. అలవాటుతో తీరనిది అడ్రస్. 34 లక్షలు పెట్టి కొన్న బండిని రిజిస్టర్ చేయాలన్నా ఆర్టీఓ ఆఫీసులో అడిగే కాగితాల్లో ఒకటి ఇంటి అడ్రస్ ప్రూఫ్, ఇల్లు వదిలేద్దామని కొన్న బండికే ఇల్లు కావాలి. ఆ బండి వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటే అక్కడి నంబర్ తీసుకోవాలి, దానికి మళ్ళీ అక్కడో అడ్రస్. బ్యాంకు కేవైసీ, పాస్‌పోర్టు, ఇంటి గ్యాస్ కనెక్షన్, ఏది కదిలించినా మొదటి గడి అదే. మన రాష్ట్రంలో అయితే గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాక ప్రతి కుటుంబాన్నీ హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ చేసి ఏదో ఒక సచివాలయానికి కట్టేశారు, ఆ మ్యాపింగ్‌లో లేని మనిషి ఏ పథకానికీ కనబడడు. ఓటు సంగతి చూడండి, 2025లో బీహార్‌లో ఓటర్ల జాబితా సవరించినప్పుడు ముసాయిదాలోంచి 65 లక్షల పేర్లు పోయాయి, అందులో 36 లక్షలు ఊరొదిలి వెళ్ళిపోయారనో ఇంటికెళితే కనబడలేదనో తీసేసినవి. కొర్లగుంటలో తలుపు కొడితే కొత్త ఓనర్ వచ్చి "వాళ్ళు అమ్మేసి పోయినారు సార్" అంటాడు, అంతే, నలభై ఏళ్ళుగా ఓటేస్తున్న మనిషి పేరు మీద గీత పడుతుంది.

యూట్యూబ్‌లో మనం చూసే అమెరికా జంటలకి ఈ బాధ ఎందుకు లేదంటే వాళ్ళు దాన్ని ముందే తీర్చుకున్నారు కాబట్టి. సౌత్ డకోటా రాష్ట్రంలో ఒక్క రాత్రి బస చేసిన రసీదు చూపించి, ఉత్తరాలు అందుకుని పంపించే కంపెనీ ఇచ్చిన అడ్రస్ మీద డ్రైవింగ్ లైసెన్సు తీసుకోవచ్చు. టెక్సస్‌లో లివింగ్‌స్టన్ అనే చిన్న ఊళ్ళో ఎస్కపీస్ అనే మోటార్‌హోమ్‌వాళ్ళ క్లబ్బు ఉంది, రోడ్డు మీదే బతికే మెంబర్లు ఎంతోమందికి ఆ ఊరే అడ్రస్, ఉత్తరాలొస్తే క్లబ్బు దాచిపెట్టి వాళ్ళెక్కడుంటే అక్కడికి పంపిస్తుంది. అరిజోనా ఎడారిలో క్వార్ట్‌జ్‌సైట్ దగ్గర ప్రభుత్వ భూమిలో సీజన్ ఫీజు కట్టి సెప్టెంబర్ మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా బండి పెట్టుకోవచ్చు. అంటే వాళ్ళు ఇల్లు అమ్మారు గానీ అడ్రస్ అమ్మలేదు. మనకి వీడియోలో కనబడని భాగం ఇదే, చిన్నాయనకి నేను చూపించిందీ ఇదే.

అయినా ఆయన మనసు మార్చింది నా మాటలు కాదు, రెండోరోజు రాత్రి. తలకోన నుంచి బయల్దేరేసరికి ఆలస్యమై, అడవి దాటాక రోడ్డు వారగా మర్రిచెట్టు దగ్గర ఆపుకున్నాం. రెండింటికి కిటికీ మీద లాఠీ చప్పుడు, టార్చిలైటు. శేషాచలం అంచున రాత్రిపూట తెరలు దించుకుని నిలబడ్డ బండి అంటే పోలీసులకి ముందు గుర్తొచ్చేది ఎర్రచందనం దుంగలే, వాళ్ళ పని వాళ్ళు చేశారు. చిన్నాయన ఆధార్ కార్డు తీసిచ్చాడు. కానిస్టేబుల్ లైటు వేసి చదివి "కొర్లగుంటా సార్? మా అత్తగారోళ్ళదీ ఆడే" అని నవ్వి, తలుపులు గట్టిగా వేసుకోమని జాగ్రత్త చెప్పి పక్కకి నడిచాడు.

పక్కన, మా బండికి యాభై అడుగుల దూరంలో, మేం చీకట్లో గమనించనే లేదు, రెండు టార్పాలిన్ గుడారాలు, ఒక పాత మోపెడ్, మెడలో గంటలతో ఒక గంగిరెద్దు. "ఏ ఊరు మీది?" అని గదమాయించారు. చంకలో బిడ్డతో బయటికొచ్చిన ఆడమనిషి "ఏ ఊరని చెప్పమంటావు సామీ" అంది. వెటకారంగా అన్లేదు, నిజంగానే అడిగింది. తెల్లారేలోపు ఖాళీ చేయమన్నారు. ఒకే చెట్టు, ఒకే రాత్రి, మేమూ రోడ్డు మీదే పడుకున్నాం వాళ్ళూ రోడ్డు మీదే పడుకున్నారు, మా దగ్గర కొర్లగుంట ఉంది.

ఇక్కడినుంచి నేను మోటార్‌హోమ్ దాటి మాట్లాడతా, ఎందుకంటే ఈ విషయంలో అసలు అన్యాయం చిన్నాయనకి జరిగేది కాదు. ఈ దేశంలో రోడ్డు మీద బతకడం కొత్త ట్రెండేం కాదు. గంగిరెద్దులవాళ్ళు, బుడబుక్కలవాళ్ళు, దొమ్మరులు, ఎరుకలవాళ్ళు, పూసలవాళ్ళు తరతరాలుగా తిరుగుతూనే బతికారు, ఊళ్ళకి ఉప్పు మోసింది, బుట్టలల్లింది, ఆటపాటలు తెచ్చింది వాళ్ళు. తిరిగేవాడు దొంగ అని 1871లో బ్రిటిష్‌వాళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేశారు, 1911లో మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు, ఎరుకలవాళ్ళని తీసుకెళ్ళి స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు వేయించారు. 1952లో ఆ చట్టం తీసేశారు గానీ స్థిరంగా ఉన్నవాడే పౌరుడు అనే ఆలోచన ఫారాల్లో అలాగే మిగిలిపోయింది. ఇల్లులేనివాళ్ళకి ఓటు రాయడానికి ఎన్నికల సంఘం నిబంధన ఒకటుంది, బీఎల్‌ఓ, అంటే పోలింగ్ బూత్ జాబితా చూసే ఉద్యోగి, రాత్రిపూట వెళ్ళి ఆ మనిషి చెప్పినచోటే పడుకుంటున్నాడో లేదో చూడాలి. ఫుట్‌పాత్ మీద రోజూ ఒకేచోట పడుకునేవాడికి అది పనికొస్తుంది, ఇవాళ పీలేరు రేపు పలమనేరు అనేవాడికి ఎలా పనికొస్తుంది? ఇలాంటి సంచార జాతుల కోసం కేంద్రం వేసిన రేణకే కమిషన్ 2008లో రిపోర్టు ఇచ్చింది, తర్వాత ఇదాతే కమిషన్ ఇచ్చింది, ఆ గుడారాల్లో ఉన్నవాళ్ళ చేతికి ఏం వచ్చింది?

ఇప్పుడు ప్రభుత్వాలు క్యారవాన్ టూరిజం, అంటే ఇలాంటి బండ్లలో ఊళ్ళు తిరగడం, అంటున్నాయి. కేరళ 2021లోనే పాలసీ తెచ్చింది, మన దగ్గరా ఆ మాట వినబడుతోంది. తేవాలి, క్యారవాన్ పార్కులు రావాలి, నీళ్ళ కొళాయి, కరెంటు ప్లగ్గు, మురుగు తీసే ఏర్పాటు ఉండాలి. కానీ 34 లక్షల బండికి కొళాయి ఇచ్చే చోట టార్పాలిన్ గుడారానికీ కొళాయి ఇవ్వాలి, ఆ పార్కులో ఒక వరస వాళ్ళదని పాలసీలోనే రాయాలి. రెండోది నాకు ఇంకా ముఖ్యం. టెక్సస్‌లో ఒక క్లబ్బు ఫీజు తీసుకుని చేస్తున్న పనిని మన సచివాలయాలు ఫీజు లేకుండా చేయగలవు. తిరిగే కుటుంబం ఏదైనా తను ఎంచుకున్న సచివాలయాన్నే అడ్రస్‌గా రాసుకోవచ్చు అని ఒక్క జీఓ, ఓటు వరకు ఎన్నికల సంఘం ఒప్పుకోలు ఉంటే చాలు. ఉత్తరాలు అక్కడికే వస్తాయి, రైస్ కార్డు అక్కడే, ఓటు అక్కడే, ఏడాదికోసారి వచ్చి వేలిముద్ర వేసిపోతే సరిపోతుంది. కంప్యూటర్, స్టాఫ్, బిల్డింగ్ అన్నీ ఉన్నాయి. అది వచ్చిన రోజు ఇల్లు అమ్ముకోమని చిన్నాయనకి నేనే చెప్తా.

ఆయన ఇల్లు బేరం నుంచి తీసేశాడు. పైఅంతస్తులో నర్సింగ్ చదివే పిల్లలు దిగారు, వీధివైపు గదికి పిన్నమ్మ తాళం వేసి చెవి పక్కింట్లో ఇచ్చింది, సంక్రాంతి దాటాక బండి అద్దెకి తీసుకుని మూడు నెలలు తిరుగుతారట.

ఆ రాత్రి చూసిన కుటుంబం మాత్రం మళ్ళీ కనబడింది, ఆగస్టులో, రేణిగుంట దగ్గర. అబ్బాయికి ఆధార్ కావాలని ఆ గంగిరెద్దులాయన ఎద్దుని చెట్టుకి కట్టేసి నాతో ఒక ఆఫీసుకి వచ్చాడు. ఫారం నేనే నింపా. పేరు, తండ్రి పేరు అయ్యాక డోర్ నంబర్ గడి దగ్గర పెన్ను ఆగింది, ఏం రాయమంటావన్నా అని అడిగా. కాసేపు ఆలోచించి "రాయి సామీ, టేషను ముందర యాపచెట్టు" అన్నాడు. అదే రాశా. కౌంటర్లో అమ్మాయి చదివి, నెమ్మదిగానే, ఇది ఎక్కించడానికి సిస్టమ్‌లో కుదరదు సార్, ఎవరిదైనా ఇంటి అడ్రస్ పట్టుకుని రండి అని ఫారం వెనక్కిచ్చింది. చిన్నాయనకి ఫోన్ చేశా. "నా గది ఉండాది గదా, అదే రాయించు, ఏమేం కాగితాలు కావాల్నో కనుక్కో, సంతకం నేను పెడతా" అన్నాడు.