మట్టికేనా శిక్ష?

నాలుగు రోజులు సాగాల్సిన రంజీ మ్యాచ్ తొంభై ఓవర్లకే అయిపోయింది. 2025 అక్టోబరులో అస్సాంలోని తిన్‌సుకియాలో సొంత జట్టు అస్సాం, సైనిక దళాల జట్టు సర్వీసెస్ ఆడిన ఆ మ్యాచ్‌కు పట్టింది 540 బంతులే. ఫలితం తేలిన రంజీ మ్యాచ్‌లలో అంతకుముందు ఇంత పొట్టిది లేదు. తొలిరోజు సాయంత్రానికే 25 వికెట్లు పడ్డాయి. అందరూ దాన్ని రికార్డుల్లో చేర్చుకుని మర్చిపోయారు. మూడు వారాలకే ఈడెన్ గార్డెన్స్‌లో 124 పరుగులు కొట్టలేక భారత జట్టు 93కే కుప్పకూలింది. దక్షిణాఫ్రికాతో ఆ టెస్టు మూడో రోజే ముగిసింది. తర్వాత కోచ్ గౌతమ్ గంభీర్ మీడియా ముందుకొచ్చి, తాము కోరుకున్న పిచ్ ఇదేనని, దాన్ని తయారుచేసే క్యూరేటర్ బాగా సహకరించారని చెప్పారు.

ఆ మాటను తేలిగ్గా వదిలేయకూడదు. పిచ్ ఎవరి మాట మీద తయారవుతుందో దేశం మొత్తానికి తెలిసిపోయింది. జాతీయ జట్టే అడిగి చేయించుకుంటే రేపు రాష్ట్ర జట్టు అడగదా? జిల్లా జట్టు అడగదా?

దేశవాళీ క్రికెట్‌లో నాసిరకం పిచ్‌లకు శిక్ష ఉండాల్సిందే. అందులో మాకు రెండో అభిప్రాయం లేదు. మా పేచీ అంతా ఆ శిక్ష ఎవరి మీద పడుతోందన్నదే. ఇప్పుడున్న పద్ధతిలో అది మైదానం మీద పడుతుంది. ఐసీసీ లెక్కా అదే. పిచ్ సంతృప్తికరంగా లేకపోతే మైదానం ఖాతాలో ఒక డీమెరిట్ (తప్పు) పాయింటు, ఆటకే పనికిరాకపోతే మూడు. ఐదేళ్లలో ఆరు పోగైతే ఏడాది పాటు అక్కడ అంతర్జాతీయ మ్యాచ్‌లు ఉండవు. 2025 డిసెంబరులో ఆస్ట్రేలియా, ఇంగ్లండ్‌ల యాషెస్ సిరీస్‌లో మెల్‌బోర్న్ టెస్టు రెండు రోజుల్లో ముగిస్తే ఆ మైదానానికి ఒక పాయింటు పడింది. స్టేడియానికి మచ్చ, క్యూరేటర్‌కు చీవాట్లు. జట్టుకు మాత్రం ఏమీ కాదు.

అంతర్జాతీయ క్రికెట్‌లో అది ఎలా ఏడ్చినా రంజీలో ఈ పద్ధతి అస్సలు పనికిరాదు. ఇక్కడ గెలిస్తే ఆరు పాయింట్లు. ఇన్నింగ్స్ తేడాతోనో పది వికెట్లతోనో గెలిస్తే ఏడు. డ్రా అయి తొలి ఇన్నింగ్స్ ఆధిక్యం దక్కితే మూడు. నాకౌట్‌కు వెళ్లేదీ, ఇంటికి వచ్చేదీ ఈ లెక్క మీదే. మొదటి గంట నుంచే బంతి గిర్రున తిరిగే పిచ్ చేయించుకుని సొంత జట్టు రెండు రోజుల్లో గెలిచిందనుకుందాం. రిఫరీ రిపోర్టు రాస్తాడు, బోర్డు నోటీసు పంపుతుంది, వచ్చే ఏడాది ఆ ఊరికి మ్యాచ్ ఇవ్వరు. ఆ ఆరు పాయింట్లు మాత్రం పట్టికలో చెక్కుచెదరవు. రాష్ట్ర క్రికెట్ సంఘం మరో జిల్లాలో మరో మైదానం చూసుకుంటుంది.

నష్టం ఎవరికి? రేపు మూలపాడులోనో మంగళగిరిలోనో ఇదే జరిగితే మ్యాచ్‌లు పోయేది ఈ ప్రాంతానికి. పెద్ద ఆటగాళ్లను దగ్గర నుంచి చూసే అవకాశం పోయేది విజయవాడ, గుంటూరు పిల్లలకు. మాట పడేది ఎండలో రోలర్ తిప్పే మాలీలు.

ఈ నేల సంగతి పల్నాడు పత్తి రైతుని అడిగినా చెబుతాడు. నల్లరేగడి తడిస్తే జిగురు, ఎండితే నెర్రెలు. దాన్ని పిచ్‌గా మలచడమంటే నీటితోనూ ఎండతోనూ బేరమాడటమే. ఎన్ని రోజుల ముందు తడి ఆపాలి, ఏ పూట రోలర్ ఎక్కించాలి, గడ్డి ఎంత ఉంచాలి అన్న మూడు విషయాల్లోనే పిచ్ గుణమంతా ఉంటుంది. రెండు రోజుల ముందే నీళ్లు ఆపేసి, స్పిన్నర్ బంతి పడే చోట గడ్డి గీకేస్తే పొద్దున్నే దుమ్ము లేస్తుంది. ఇది తెలియక జరిగే పొరపాటు కాదు. ఇంకెవరో చెబితే జరిగే పని. ఆ చెప్పడం నోటి మాటగానే ఉంటుంది, కాగితం మీద ఎక్కడా కనపడదు. జీతం ఇచ్చే సంఘం మాట కాదనే ధైర్యం ఏ మాలీకి ఉంటుంది?

పిచ్ ప్రయోగశాలలో తయారయ్యే వస్తువు కాదని, సొంతగడ్డ అనుకూలత ఆటలో భాగమేనని వాదించేవాళ్లున్నారు. రెండు రోజుల్లో ముగిసిన ప్రతి మ్యాచ్‌లోనూ తప్పు పిచ్‌దే కాదన్నదీ నిజమే. అదే యాషెస్‌లో పెర్త్ టెస్టు రెండు రోజుల్లో ముగిసినా పిచ్ చాలా బాగుందని రిఫరీ తేల్చారు. తిన్‌సుకియాలో ఓడింది సొంత జట్టే, కాబట్టి అక్కడ కుట్ర వెతకనక్కర్లేదు. చేతకాక చెడిన పిచ్‌కు మంచి మట్టి, శిక్షణ ఇవ్వండి. కావాలని చెడగొట్టిన పిచ్‌కు పాయింట్లు కోయండి. ఈ రెంటికీ తేడా తేల్చలేనంత అమాయకులు కారు మన రిఫరీలు.

ఇదేమీ ఎవరూ చేయని పని కాదు. ఇంగ్లండ్ కౌంటీ క్రికెట్‌లో 2019 సెప్టెంబరులో టాంటన్‌లో ఎసెక్స్‌తో టైటిల్ తేల్చే మ్యాచ్‌కు నాసిరకం పిచ్ ఇచ్చినందుకు సోమర్‌సెట్‌కు ఇంగ్లండ్ బోర్డు 24 పాయింట్ల కోత వేసింది. అందులో పన్నెండు సస్పెండ్ చేసినా కోతను పూర్తిగా వదల్లేదు. మైదానాన్ని కాదు, జట్టును పట్టుకుంది. మన బోర్డు మాత్రం పాయింట్ల జోలికి పోకుండా చుట్టూ తిరుగుతోంది. 2016-17లో రంజీ మొత్తాన్ని తటస్థ వేదికల్లో ఆడించి మరుసటి ఏడాదే వెనక్కి తగ్గింది. తటస్థ క్యూరేటర్లను పంపుతోంది. అండర్-23 కుర్రాళ్ల సీకే నాయుడు ట్రోఫీలో టాస్ తీసేసి, ముందు బ్యాటింగో బౌలింగో వచ్చిన జట్టునే ఎంచుకోనిచ్చి చూసింది. 2022 డిసెంబరులో ఢిల్లీ కర్నైల్ సింగ్ స్టేడియంలో రైల్వేస్, పంజాబ్ మ్యాచ్‌ను పిచ్ ప్రమాదకరంగా ఉందని మధ్యలో ఆపి, వేరే పిచ్‌పై కొత్తగా మొదలుపెట్టాల్సి వచ్చింది. ఇంత జరిగినా ఆ ఆరు పాయింట్ల మీద చెయ్యి వేయడానికి మనసు రావడం లేదు.

ఎందుకు రావడం లేదో ఇండోర్ చెబుతుంది. 2023 మార్చిలో ఆస్ట్రేలియాతో టెస్టు అక్కడ మూడో రోజు ఉదయమే ముగిసింది. పిచ్‌కు మూడు డీమెరిట్ పాయింట్లు పడితే బోర్డు అప్పీలుకు వెళ్లి ఒకటికి తగ్గించుకుంది. తన పిచ్‌కు వకాల్తా పుచ్చుకున్న బోర్డు ఏ ముఖంతో రాష్ట్ర సంఘాన్ని నిలదీస్తుంది?

ఈ ఆటలో నలిగిపోయేది కుర్రాళ్లు. గుంటూరు నుంచి వచ్చిన షేక్ రషీద్ 2022 అండర్-19 ప్రపంచకప్ సెమీస్‌లో 94, ఫైనల్లో 50 కొట్టాడు. అలాంటి కుర్రాడికి దుమ్ము లేచే పిచ్ మీద పన్నెండు పరుగులొస్తే సెలెక్టర్ చూసేది స్కోరుకార్డునే, నెర్రెలను కాదు. అదే పిచ్ మీద ఏడు వికెట్లు తీసిన స్పిన్నర్‌కూ మేలు జరగదు. గట్టి పిచ్ ఎదురైన రోజు వాడి దగ్గర ఏమీ ఉండదు. పేసర్‌కైతే బంతే అందదు.

పిచ్‌కు నీళ్లు ఎప్పుడు ఆపారో, ఎవరు చెబితే ఆపారో మ్యాచ్‌కు ముందే రాసి పెట్టాలి. సొంత జట్టు కెప్టెన్, కోచ్, సంఘం కార్యదర్శి కింద సంతకాలు చేయాలి. తేడా వస్తే ఆ మ్యాచ్‌లో వచ్చిన పాయింట్లన్నీ కోసేయాలి. ఈ నిబంధన కావాలని బోర్డు సమావేశంలో మొదట అడగాల్సింది ఆంధ్ర క్రికెట్ సంఘమే. మన జట్టుకే కోత పడినా సరే. అడిగే ధైర్యం లేని సంఘాల పెద్దలు ఇంకోసారి మాలీని పిలిచి సంజాయిషీ అడిగే పని పెట్టుకోవద్దు. ఆయన మీరు చెప్పిందే చేశాడు.